వెచ్చని గది లేని ఊరు

భోజనశాలలో చలి సున్నాకు నాలుగు డిగ్రీలు దిగువన ఉంది. అయినా అందరూ పలచటి నూలు చొక్కాలతోనే కూర్చుని పొట్లాల్లోని చల్లటి అన్నం తింటున్నారు. తబిత ఒక్కతే గజగజ వణుకుతోంది. రెంటచింతల ఎండల్లో పెరిగిన పిల్ల. ఉత్తర ధ్రువం దగ్గరి ఈ గనుల పట్టణంలో తొలి ఉద్యోగానికి చేరి అది పదకొండో రోజు.

"నలభై రోజులు ఓర్చుకో. అప్పటికి నీ ఒళ్ళు పొరకు అలవాటు పడుతుంది" అంది పక్కనున్న జమీలా. తబితకు పని నేర్పుతున్నది ఆమే. కర్నూలు మనిషి, ఇక్కడికొచ్చి పన్నెండేళ్ళయింది. ఇప్పుడు ఆమెకు ఎనిమిదో నెల. గురువారం విమానంలో దక్షిణాదికి కాన్పుకు వెళ్ళాలి.

ఆమె చెప్పిన పొర పేరు వెచ్చపొర. తబితతో సహా ఊళ్ళో అందరూ చొక్కాల కింద దాన్ని తొడుక్కునే ఉంటారు. మెడ నుంచి పాదాల దాకా చర్మానికి అంటుకుని, ఒంటి వేడిని బయటికి పోనీయకుండా లోపలికే మళ్ళిస్తుంది. అది వచ్చాక పట్టణంలో పొయ్యిలు, వేడినీళ్ళ గొట్టాలు, కంబళ్ళు అన్నీ అనవసరమన్నారు. మనిషి వెచ్చగా ఉంటే చాలు, గదులెందుకు వెచ్చగా ఉండాలన్నారు.

గురువారం దాకా ఆగకుండా ఆ మధ్యాహ్నమే జమీలాకు నొప్పులొచ్చాయి. బయట మంచు తుఫాను. నర్సు పురుడు పోసింది. ఆడపిల్ల. ఏడ్చింది గాని, కాసేపటికే పెదవులు నీలమయ్యాయి.

"పసివాళ్ళకు పొర పనిచేయదు. రేపటి గురువారం విమానం వచ్చేదాకా ఏమీ చేయలేం" అన్నాడు పర్యవేక్షకుడు శేషాచలపతి.

"ఇంత ఊరు కట్టారు కదా సార్! ఒక పసిబిడ్డకు ఒక్క వెచ్చని గది లేకుండా ఎలా కట్టారు?" అంది తబిత.

"ఇక్కడ పిల్లలు పుట్టరమ్మా. ప్రణాళికలో లేదు."

తబితకు ఒళ్ళు మండిపోయింది. జమీలా బిడ్డను గుండెకు హత్తుకునే ఉంది. తబిత ఆమె భుజం తాకి చూస్తే రాయిలా చల్లగా తగిలింది. తల్లి వేడి వెంట్రుకవాసి కూడా బిడ్డకు చేరడం లేదు.

జమీలా తన పొర చించేసుకుంది. కాని పన్నెండేళ్ళుగా చలి ఎరగని ఒళ్ళు వణకడమే మరిచిపోయింది. క్షణక్షణానికి చల్లబడుతోంది. నర్సు ఆమెకు గబగబా కొత్త పొర తొడిగింది.

"ఇలా ఇవ్వండక్కా" అంటూ తబిత తన పొర చింపేసింది.

"శిక్షణలో ఉన్నావు! ఉద్యోగం పోతుంది!" అని అరిచాడు శేషాచలపతి.

"పోనివ్వండి సార్."

బిడ్డను ఒంటికి కట్టుకుని, యంత్రాల పెట్టెల్లోని దూదిని చుట్టూ కప్పించుకుంది. ఆమె వణుకుతూనే ఉంది. ఆ వణుకులోంచే వేడి పుట్టింది. మర్నాటి విమానం తల్లీబిడ్డలను తీసుకెళ్ళేసరికి బిడ్డ పెదవులు ఎర్రగా ఉన్నాయి. తబిత ఎడమ పాదం వేళ్ళు రెండు మాత్రం చచ్చుబడ్డాయి. వాటిని తీసేయాల్సి వచ్చింది.

నెల తర్వాత శేషాచలపతి ఆమెను పిలిచి ఒక కాగితం ముందుకు నెట్టాడు.

"సంస్థ ఆస్తిని చింపావు. క్షమాపణ రాస్తే ఉద్యోగం ఉంటుంది."

"నేను రాయను. నిన్న జమీలక్క ఫోన్ చేసింది. ఏం చెప్పిందో వినండి. పొర తీసేసి నెలయినా ఆమె ఒంటికి వెచ్చదనం రాలేదట. ఎత్తుకుంటే చాలు, చల్లటి చేతులు తగిలి బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోందట. తల్లిని చూస్తేనే మొహం తిప్పుకుంటోందట. దీనికి క్షమాపణ ఎవరు రాస్తారు సార్?"

ఆయన తన అరచేతులకేసి చూసుకున్నాడు.

"సెలవుకు వెళ్ళినప్పుడల్లా మా అమ్మాయి నా చెయ్యి విదిలించుకునేది" అన్నాడు. "దూరంగా ఉంటున్నానుగా, నన్ను మరిచిపోయిందనుకున్నాను."

తబితకు జాలి కలగలేదు. కాగితాన్ని తిరగేసి, కలం తీసి ఆయన ముందు పెట్టింది.

"ఆ మాటే రాయండి సార్. పైవాళ్ళకు పంపండి."

ఆయన కలం అందుకున్నాడు.