ఆరున్నర బండిలో అర్షియా

"మీ ల్యాప్‌టాప్ నంబర్ ఎక్కించల్ల మేడం."

"ల్యాప్‌టాప్‌కు నంబరేందప్పా? అదేమన్నా స్కూటరా?"

ధర్మవరంలో పాండురంగయ్య నడిపే పట్టుచీరల డిజైన్ సెంటర్‌లో చేరిన రోజు, అర్షియా మసూద్‌తో అన్న మొదటి మాట అదే. కంప్యూటర్లు, వైఫై చూసుకునేది మసూద్. హిందూపురం నుంచి రోజూ రైల్లో వచ్చిపోతాడు. కాస్త గర్వం ఉన్న మనిషి, గర్వపడడానికి ఉన్నది ఒక్క వైఫైయే అయినా.

"ప్రతి మిషన్‌కు కంపెనీలోనే ఒక నంబర్ వేస్తారు. అది నేను ఎక్కిస్తేనే మన వైఫై లోపలికి రానిస్తాది. పాస్‌వర్డ్ తెలిసినా సరే, నంబర్ లేకపోతే బయటే. ఈగ కూడా దూరదు."

"ఈగ సంగతి నాకెందుకు? నన్ను దూరనీ, పని ఉండాది."

ఆమె కళ్లు చూస్తూ మసూద్ ఒక అంకె తప్పు కొట్టాడు. మధ్యాహ్నం దాకా ఆమెకు నెట్ రాలేదు. "నీ సిస్టం బాగుంది, పనోళ్లనే ఆపుతాంది" అని ఆమె అంటే గది గదంతా నవ్వింది.

అర్షియాది పెనుకొండ. సాయంత్రం ఇద్దరికీ ఒకటే బండి, ఒకటే పెట్టె. పనిచోట గలగలా మాట్లాడే మసూద్‌కు రైల్లో నోరు పెగిలేది కాదు. నాలుగు సీట్ల అవతల కూర్చుని, ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ ఆమెనే చూసేవాడు. రేపు పలకరిస్తా అనుకునేలోపు పెనుకొండ వచ్చేది, ఆమె దిగిపోయేది. పాపం, మన హీరో అంతే.

ఆ వానాకాలంలోనే గొడవ వచ్చింది. అర్షియా గీసిన చిలకల అంచు, ఇక్కడ మగ్గం ఎక్కకముందే ఊళ్లో ఇంకో అంగట్లో చీరగా వేలాడింది. డిజైన్ ఎవరు తీశారో చూడమని పాండురంగయ్య చెప్పాడు. మసూద్ చూశాడు. రెండు వారాల కిందట మంగళవారం సాయంత్రం ఆరున్నరకు, అర్షియా ల్యాప్‌టాప్ నంబర్ నుంచి తీసినట్టు ఉంది.

"నేను తీయలేదు సార్" అంది అర్షియా. ఈ మాట బయటికి పొక్కితే ధర్మవరంలో ఇంకెవరూ పని ఇవ్వరని ఆమెకు తెలుసు.

"నంబర్ నీదే కదమ్మా. రేపటి నుంచి రావద్దు."

ఆమె మసూద్ వైపు చూసింది. "ఏదన్నా చెప్పప్పా."

మసూద్ పాండురంగయ్య వైపు తిరిగాడు. "సార్, మీ ఫోన్ ఒకసారి ఆపండి" అన్నాడు. తన ల్యాప్‌టాప్‌లో ఏదో మార్చాడు. తెరమీద 'పాండురంగయ్య ఫోన్' వైఫైలోకి వచ్చినట్టు పడింది. ఆయన ఫోన్ మాత్రం ఆయన చేతిలో ఆగిపోయి ఉంది.

"చూసినారా? నంబర్‌ను ఎవరన్నా పెట్టుకోవచ్చు. దగ్గర్లో కూర్చున్నోడు గాల్లోంచే పట్టుకుంటాడు. పాస్‌వర్డ్ తెలిస్తే చాలు. ఈగ కూడా దూరదని నేను కోసినవన్నీ కోతలే సార్."

"పెట్టుకోవచ్చు, సరే. ఆ పొద్దు ఈ పాప ఈడ లేదని ఎవరు చెప్తారు?"

"రైల్లో ఉండె సార్."

"నీకెట్ల తెల్సు?"

మసూద్ తల వంచుకునే చెప్పాడు. "నేనూ ఆ పెట్టెలోనే ఉంటా. ఆ మంగళవారం ఆరున్నరకు వానకు బండి సిగ్నల్ దగ్గర నిలబడింది. ఆ పాప కిటికీలోంచి చెయ్యి చాపి తడుపుకుంటాండె. ల్యాప్‌టాప్ బ్యాగు ఒళ్లోనే ఉండె. పల్లీలు కొని పక్కనామెకు సగం పెట్టింది. పసుపు చున్నీ."

అర్షియా అతన్నే చూస్తోంది.

"మరి పలకరించలేదా నాయనా?" అంది పాండురంగయ్య భార్య జయలక్ష్మి.

"ధైర్యం చాల్లేదమ్మా."

జయలక్ష్మి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత భర్త వైపు తిరిగింది. "మన పని మానేసి ఆ చీర పెట్టిన అంగట్లోనే చేరినాడు కదా శ్రీరాములు, వాడికి పాస్‌వర్డ్ తెల్సు. సాయంత్రమైతే కింద టీ అంగట్లో ల్యాప్‌టాప్ తెరిచి కూచుంటాండాడు."

పాండురంగయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నేను తొందరపడినా. నువ్వు పని చేసుకోమ్మా" అని, మసూద్‌తో "నువ్వు మనిషికొక పాస్‌వర్డ్ పెట్టు. ఈ పొద్దే" అన్నాడు.

ఆ సాయంత్రం బండిలో అర్షియా నేరుగా వచ్చి మసూద్ ఎదురుగా కూర్చుంది. బయట సన్నగా వాన.

"పల్లీలు ఎవరికి పెట్టిందీ చూస్తివి. ఒక మాట మాట్లాడేదానికి ఏమైంది?"

"భయం."

"నాకూ ఈ పొద్దు భయమేసింది. ఇంటికి పోయి నాయనకు ఏం చెప్పేదా అని. నువ్వు నోరు తెరవకుంటే ఏమైపోయేదాన్నో."

"నువ్వంటే నాకు శానా ఇష్టం అర్షియా."

"అందరి ముందరా చెప్తివి కదా, నాకు లాస్టులో చెప్తాండావు" అని ఆమె కిటికీ వైపు తిరిగింది. నవ్వు మాత్రం దాగలేదు.

పెనుకొండ వచ్చింది. ఆమె లేచి, "దిగు" అంది.

"బండి పోతాది."

"పోనీ. హిందూపురానికి బస్సులు లేవా?"

మసూద్ దిగాడు. స్టేషన్ బయట అర్షియా నాయన బాబావలి తన ఆటోలో కూతురి కోసం చూస్తున్నాడు. పక్కన కొత్త మనిషిని చూసి కనుబొమలు ఎగరేశాడు.

"నాయనా, ఈయన మసూద్. రోజూ మా బండిలోనే వస్తాడు. ఈ పొద్దే మాట్లాడినాడు."

బాబావలి అతన్ని కింది నుంచి మీదికి చూశాడు. వానకు తడిసిన సీటును తువ్వాలతో తుడిచాడు.

"ఎక్కప్పా. అన్నం తిని పోదువు."