కౌల్ బజార్‌లో నల్ల పావులు

1984. బళ్లారి లాడ్జి గదిలో ఏజెంట్ నారప గుండెలో సైలెన్సర్ తుపాకీ బుల్లెట్. అతని కళ్లు మూసిపెట్టింది వాసవాంబ. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. పేరుకు విదేశీ ముఠా సెక్రటరీ, నిజానికి మన డబుల్ ఏజెంట్.

"చంపిందెవరు?" అడిగాడు గురునాథ్, చదరంగం ఆడే ఇంకో ఏజెంట్. నారప పదేళ్ల స్నేహితుడు.

"శంకరనారాయణ. కౌల్ బజార్ పత్తి వ్యాపారి. ఈ పొద్దు చెస్ ఫైనల్లో నీ ఎదురుగా కూర్చుండేది వాడే."

"పోయి గొంతు పిసుకుతా."

"పిసికితే యశ్వంతనగర్ గని మందుగుండు గోదాము పేలుతాది. మూడు వందల మంది కూలోళ్లు ఉండారాడ. గని ఫోను లైను కోసినారు, జీపు పోయేలోగా ఐదు దాటుతుంది. ఐదుకు ముందు హాల్లోంచి వాళ్ల మనిషి, గని పక్కూర్లో కాచుకున్న ముఠావాళ్లకు ముందే బుక్ చేసిన ట్రంకాల్ చేస్తాడు. శంకరనారాయణ ఓడితే పోలీసులు పసిగట్టినారని వాళ్ల సంకేతం, ఆపేస్తారు. గెలిచినా, డ్రా అయినా, ఫోను రాకపోయినా పేల్చేస్తారు. నువ్వు గెలవల్లప్పా. కోపం ఈడనే విడిచి పో."

విడవలేదు. మింగాడు.

తెల్ల పావులు శంకరనారాయణవి. గురునాథ్ కారో-కాన్ ఆడాడు: గోడ కట్టుకుని లోపల కాచుకునే ఆట. ఎదుట పావులు జరిపే ఆ వేళ్లే ట్రిగ్గర్ నొక్కాయని గుర్తొచ్చినప్పుడల్లా మీదపడి దాడి చేయాలనిపించేది. పళ్లు బిగించి గోడకు ఇంకో రాయి పేర్చేవాడు.

"ఏందప్పా, పిరికోళ్ల ఆట! గాజులు తెప్పించల్లా?" అన్నాడు శంకరనారాయణ.

"తెప్పించు శెట్టప్పా. నీ చేతులకూ సరిపోయేటివి చూడు."

నాలుగూ యాభై ఆరు. శంకరనారాయణ గడియారంలో పది సెకన్లే మిగిలాయి. వాడు ఆట నేర్చింది కౌల్ బజార్ అంగళ్ల అరుగుల మీదని గురునాథ్‌కు తెలుసు. అక్కడి దేశీ ఆటలో బంటు ఏ వరస చివరికి చేరితే ఆ వరస పావే అవుతుంది. గురునాథ్ తెగించి గుర్రం వరసలో దారి వదిలాడు.

బంటు పరుగెత్తి చివరి గడి చేరింది. తొందరలో చిన్ననాటి అలవాటు చేతిని లాక్కుపోయింది: శంకరనారాయణ గుర్రాన్ని పెట్టి గడియారం నొక్కాడు. మంత్రిని పెట్టి ఉంటే గెలుపు వాడిదే.

"ఆగండి! మంత్రి అనుకుంటిని!"

"గడియారం నొక్కినాక మార్చనీకి లేదు శెట్టప్పా," అన్నాడు అంపైర్.

రెండు ఎత్తుల్లో నల్ల ఏనుగు రాజును కట్టేసింది.

వెనక వరసలోని టోపీవాడు ఫోను దగ్గరకు పరుగెత్తాడు. "ఓడిపాయె. ఆపండి," అని రిసీవర్ పెట్టేలోపే వాసవాంబ పిస్టల్ వాడి మెడకు తగిలింది. నాలుగూ యాభై తొమ్మిది.

గురునాథ్ పిడికిలి శంకరనారాయణ ముఖం దాకా లేచింది. దించాడు. సంకెళ్లు మాత్రం ఒక మెట్టు ఎక్కువే బిగించాడు.

ఐదింటికి యశ్వంతనగర్‌లో షిఫ్టు దిగిన మూడు వందల మంది, టీలో చక్కెర తక్కువని హోటలువాణ్ణి తిట్టుకుంటూ ఇళ్లకు పోయారు.