కాగే రంగులో చెయ్యి

ఎనభై నాలుగులో, ఒక వానాకాలపు ఉదయం. వరంగల్ కొత్తవాడలోని ఆ ఇంటి పెరట్లో జంపఖానాల నూలుకు ఎర్రరంగు ఎక్కిస్తున్నారు. పొగలు కక్కే గంగాళంలోంచి కోడలు పూలమ్మ నూలును చేత్తోనే పైకి తీసింది.

“చూసినవా బక్కక్కా, నా కోడలి చెయ్యి ఉక్కు! నువ్వైతే వాడంతా వినబడేటట్టు ఒర్లుదువు!” అని అత్త యాదవ్వ పక్కింటి బక్కమ్మ ముందు మురిసిపోయింది.

కొడుకు సారంగపాణి మాత్రం భార్య చిటికెన వేలు చూసి ఉలిక్కిపడ్డాడు. “బొబ్బ పగిలింది గదనే! నొస్తలేదా?”

“ఏడ?” అంటూ పూలమ్మే వెతుక్కుంది.

ఆ ప్రశ్నకే భయపడి అతడు భార్యనూ తల్లినీ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ పూలమ్మ ఒళ్లంతా వెతికినా ఒక్క మచ్చ కనబడలేదు. మోచేతి వెనుక తడిమితే నరం తాడులా ఉబ్బి ఉంది. మణికట్టు దగ్గర సన్నని నరం ముక్క తీసి పరీక్షకు పంపింది.

“కుష్ఠే. మచ్చల్లేకుండా నరాలకే పట్టే అరుదైన రకం,” అంది ఫలితం వచ్చాక. “మాత్రలతో నయమవుతుంది. మందు మొదలుపెట్టాక ఎవరికీ అంటదు. పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేను.”

“ఏ దేవత శాపమో!” అంది, వాళ్లు ఇంటికొచ్చాక సంగతి విన్న బక్కమ్మ. శాపానికి మోచేతి నరమే ఎందుకు దొరికిందో ఆమె ఆలోచించలేదు.

యాదవ్వ ఆ పొద్దంతా కోడలి వైపు చూడకుండా, పలకరించకుండా పనుల్లో తలదూర్చింది. తాను మెచ్చుకున్న ప్రతిసారీ కోడలు ఆ చేతిని ఇంకాస్త లోతుకు ముంచింది. ఆ మౌనాన్ని పూలమ్మ అసహ్యమనుకుంది. మరునాడు చీరలు మూట గట్టింది.

“ఏడికి?” అంది యాదవ్వ.

“రఘునాథపల్లికి, మా అవ్వ తానకు. మీరు మాట్లాడుతలేరు గద అత్తమ్మా. నాకు సమజైంది.”

“ఏం సమజైందే నీకు, మన్ను! నీ చెయ్యి మొద్దుబారుతాంటే సత్తువనుకొని వాడంతా చాటిన. ఏ మొఖం పెట్టుకొని మాట్లాడాలె బిడ్డా?”

కన్నీళ్లు ఆగక యాదవ్వ మూటను అవతలికి నెట్టింది. నూనెగిన్నె తెచ్చి, కోడలికి వీపు చేసి గడప మీద కూర్చుంది.

“జర నెత్తికి రాయి. ఆ చేత్తోనే.”

పూలమ్మ చాలాసేపు తటపటాయించి వేళ్లు ఆనించింది. చివరి రెండు వేళ్లకు జుట్టు తగిలినట్టే తెలియలేదు. యాదవ్వకు మాత్రం అయిదు వేళ్లూ తెలిశాయి.