చివరి అయిదు నిమిషాల కూత

ఎనభై రెండులో విశాఖపట్నంలో కొండలరావు పెట్టినన్ని దండాలు ఇంకెవరూ పెట్టి ఉండరు. పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చి బి.ఏ. చదివే ఈ కుర్రాడికి పేపర్లో ఆటల విలేకరి కావాలని పిచ్చి. మనుషులు తెలిస్తే పని దానంతటదే అవుతుందని కోచ్‌లకీ, రిఫరీలకీ, ఆఖరికి గ్రౌండులో సున్నం గీతలు గీసేవాడికి కూడా చేతులు జోడించేవాడు.

కబడ్డీ పోటీల మొదటి రోజున స్కోరు బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయిని, స్కోరరు గారు ఎప్పుడొస్తారని అడిగాడు.

"వొచ్చీసినారు. మీ ఎదరే కూకున్నారు" అంది గౌరీశ్వరి, తల ఎత్తకుండానే.

సిగ్గుతో చచ్చాడు పాపం. అయినా మర్నాటి నుంచి రోజుకో వంకతో ఆ బల్ల చుట్టూనే తిరిగాడు. ఆమె రిఫరీ చలమయ్య గారి కూతురని తెలుసుకున్నాడు. ఆమె అతన్ని ఏడిపించేది, అతను మురిసిపోయేవాడు.

ఫైనల్ నాటికి దండాలు ఫలించాయి. పత్రికలో ఆటల పేజీ చూసే గురునాథరావు గారు, ఆరింటికల్లా వార్త తెమ్మన్నారు. బాగుంటే ఇకపై నువ్వే రాద్దువుగానన్నారు. తీరా చూస్తే వాన పడి ఆట ఆలస్యమైంది. ఆరు కావస్తోంది, ఆట ముగియడానికి ఇంకా అయిదు నిమిషాలుండగా పోర్టు జట్టు గాజువాక జట్టు మీద తొమ్మిది పాయింట్ల ముందుంది. తొమ్మిది పాయింట్లు ఎక్కడికి పోతాయిలే అనుకుని, పోర్టు జట్టు గెలిచిందని రాసేసి పత్రిక ఆఫీసుకి పరుగెత్తాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

గురునాథరావు గారు చదివి బాగుందన్నారు. అతను మధ్యలో వెళ్లిపోవడం చూసిందేమో, ఇంతలో గుమ్మం దగ్గర సైకిలు దిగింది గౌరీశ్వరి, తడిసి ముద్దయి. అతన్ని బయటికి పిలిచి స్కోరు కాగితం చేతిలో పెట్టింది. పోర్టు జట్టు ఒక్క పాయింటుతో ఓడిపోయింది.

"ఆయనతో నాను సెప్పను. మీరే సెప్పుకోండి" అంది.

ఏదో వంక చెప్పి గుట్టుగా దిద్దేస్తే ఎవరికీ తెలియదు. కానీ చలికి వణుకుతున్న ఆ అమ్మాయిని చూశాక అబద్ధం ఆడబుద్ధి కాలేదు. ఆమెతోనే లోపలికెళ్లి, ఆట అవకముందే వచ్చేశానని ఒప్పేసుకున్నాడు.

గురునాథరావు గారు కళ్లజోడు తీసి ఇద్దర్నీ చూశారు. ఆఖరి దాకా ఉన్న అమ్మాయిని చెప్పమని, అతన్ని రాయమన్నారు.

ఆమె కాగితం చూడకుండా చెప్పింది. ఎవరు కూతకెళ్లారో, ఎవరు ఏ కాలు పట్టారో, గాజువాక జట్టులో మిగిలిన ఒక్కడూ నలుగుర్ని తాకి ఊపిరి బిగబట్టి ఎలా తిరిగొచ్చాడో చెబుతుంటే, పక్క గదిలో అక్షరాలు కూర్చేవాళ్లు పని ఆపి వచ్చి నిలబడ్డారు. కొండలరావు రాయడం మరిచి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. ఊరంతా తిరిగి ఎవరెవరి కాళ్లో పట్టుకున్నాడు గానీ, ఇంతటి మనిషి పక్కనే ఉంటే గుర్తుపట్టలేకపోయాడు. గుండె నిండిపోయింది అతనికి.

చివరికి వార్త రాసి ఇచ్చాక, కింద ఎవరి పేరు వెయ్యమంటావని అడిగారాయన. తన పేరు అచ్చులో చూసుకోవాలని మూడేళ్లుగా కలలు కన్నవాడు, "గౌరీశ్వరి అని ఎయ్యండి సార్" అన్నాడు.

ఆయన నవ్వి, వచ్చే వారం వాలీబాల్ పోటీలకి ఇద్దర్నీ వెళ్లమన్నారు.

మెట్ల మీద ఆగి, పేరెందుకు వదులుకున్నారని అడిగింది గౌరీశ్వరి.

"మీరు సెప్తంటే ఇంకా ఇనాలనిపించిందండి. మీరంటే నాకిష్టం. మీ నాన్నగారితో మాటాడమంటారా?"

ఆమె వాన వైపు చూస్తూ తడి జడ పిండుకుంది.

"మాటాడండి. నానైతే మొన్నే సెప్పీసినాను."