నాన్న శ్రుతి చేసిన పియానో

చీకటి పడిందంటే ఆ సంగీతం బడి వెనక హాలు వైపు ఎవరూ వెళ్లేవారు కాదట. ముప్పై ఏళ్లుగా మూత తీయని పెద్ద పియానో ఒకటి అక్కడుంది. దానంతటదే ఒక్క స్వరం మోగుతుందని... కాసేపాగి మళ్లీ అదే మోగుతుందని చెప్పుకునేవారు. కాపలావాడైతే గుమ్మం దాకా ఊడ్చి, చీపురు అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చేవాడట.

అలాంటి చోటికి పాత పియానోలు బాగుచేసే ఒకావిడ వచ్చింది. అందరూ డాక్టరమ్మ అంటారు. పగలంతా పిల్లల పాఠాల గోల కాబట్టి పనికి రాత్రే దొరికేది.

"ఇది ఏ కాలందో తేల్చి, బాగుచెయ్యమ్మా. అమ్మేద్దాం," అన్నాడు బడి పెద్దాయన.

ఇనుప చట్రం మీద దుమ్ము తుడిస్తే నంబరు కనిపించింది. నూట పదేళ్ల నాటిది! ఇక మీటలు ఒక్కొక్కటే పైకి తీసింది. మొదటి మీట పక్క చెక్క మీద పెన్సిలుతో ఒక సంతకం, కింద తేదీ. బాగుచేసినవాళ్లు అలా రాసుకోవడం ఆ పనిలో మామూలే.

కానీ ఆవిడ ఆ మీటని కింద పెట్టలేకపోయింది. అది వాళ్ల నాన్న చేతిరాత. ఆ తేదీ... ముప్పై ఏళ్ల కిందటి ఆ కచేరీ రోజుది.

ఆ కచేరీ మధ్యలో తీగలు తెగాయి. తాగి శ్రుతి చేశాడని నింద వేసి, నలుగురిలో మెడపట్టి గెంటేశారు ఆయన్ని. తర్వాత ఎవరూ పని ఇవ్వలేదు. ఏడాది తిరక్కుండానే పోయాడు. ఏ బడిలో జరిగిందో ఇంట్లో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

తెగిన తీగల మొదళ్లు ఇంకా వాటిని బిగించే మేకులకి చుట్టుకునే ఉన్నాయి. దీపం దగ్గరగా పెట్టి చూసింది. తుప్పు కాదు... ఆకురాయి గాటు! ఎవరో సగం దాకా కోసి వదిలేశారు.

వారం తర్వాత, కొత్త తీగలు బిగిస్తున్న రాత్రి, పెద్దాయన చూడ్డానికొచ్చాడు. ఆవిడ పాత తీగ ముక్క చూపించింది.

"ఎవరో కావాలనే కోశారండీ."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మా బావమరిదికి ఇక్కడ శ్రుతి చేసే ఉద్యోగం కావాల్సొచ్చిందమ్మా... అప్పుడున్న మొండివాడేమో కదిలేరకం కాదు. పాత సంగతిలే... నీలోనే ఉంచుకో." నవ్వాడు కూడా!

నవ్వుతూనే మొహం తీగల మీదికి వంచి నంబరు చదువుకుంటున్నాడు.

మేకుని తిప్పి తీగ బిగించే పిడి ఆవిడ చేతిలోనే ఉంది. ఒక్క తిప్పు ఎక్కువ తిప్పింది. ఇంకొక్కటి... తీగ కీచుమంది.

అంతలోనే తెప్పరిల్లింది. ఛ, నేనేం చేస్తున్నాను! "తప్పుకోండి!" అని అరుస్తూ వెనక్కి తిప్పబోయింది.

పిడి వెనక్కి రాలేదు.

ఆవిడ చేతి మీద ఇంకో చెయ్యి... మంచుముద్దలా చల్లగా, వేళ్ల చివర కాయలు కాసి... బిగిస్తోంది.

ఫట్!

తీగ కొరడాలా లేచింది. పెద్దాయన కెవ్వుమని ఒక కన్ను పట్టుకుని పియానో మీదే వాలిపోయాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు.

"చాలు నాన్నా... వదిలెయ్," అని గొణిగింది ఆవిడ.

వదల్లేదు. ఆ చెయ్యి ఆవిడ చేతిని అలాగే పట్టుకుని, పిడిని మెల్లగా... పక్క తీగ మేకు మీదికి జరిపింది.