ఇరవై మూడో ప్లేట్

"బ్యాక్టీరియాకి ఇంత తిండి పడేస్తే చాలు, పళ్లెంలో కూడా పెరిగిపోతుంది," అన్నారు ప్రొఫెసర్ బోర్డు మీద గుండ్రాలు గీస్తూ. "వైరస్ అలా కాదు. దానికి బతికున్న కణం కావాలి. అది దొరికేదాకా..."

గ్లాసెత్తి రెండు గుక్కల నీళ్లు తాగారు. గొంతు పట్టుకుని "ఖ్" అన్నారు. కుప్పకూలిపోయారు.

ముందు బెంచీలోని కళ్లజోడమ్మాయి ఆ "ఖ్"ని కూడా నోట్సులో రాసుకుంది.

ఆఖరి బెంచీలో ఉన్న డేగ లేచి పరుగెత్తేసరికే అంతా అయిపోయింది. డేగ అంటే గూఢచారి శాఖలో అతని ముద్దుపేరు. క్లాసులో మాత్రం అందరూ ముసలి ఫస్టియర్ అనేవారు. జుట్టుకి రంగేసి, భుజానికి బ్యాగు తగిలించి చేర్పించింది బాసే. "ఈ వయసులో ఫస్టియర్ ఏంటని అడిగితే, వరసగా ఫెయిలయ్యానని చెప్పు. నీ ముఖం చూస్తే ఎవరైనా నమ్ముతారు," అని ధైర్యం కూడా చెప్పాడు.

ఆ సాయంత్రం బాస్ నిప్పులు తొక్కినట్టున్నాడు.

"ఆయన్ని కాపాడరా అని పంపితే పాఠం వింటూ కూర్చున్నావా?"

"పాఠం బాగుంది సార్."

"నోర్ముయ్. ఆయన ఫ్రీజర్లో ఉన్న వైరస్ శాంపిల్ మాయమైంది. బయటపడితే ఊళ్లకి ఊళ్లు శ్మశానాలవుతాయి. దానిమీద కన్నేసిన పరాయి దేశం ఒకటుంది. అది వాళ్ల ఎంబసీ కారెక్కిందా, ఇక చేతులు ముడుచుకోవడమే. ఆ కారుని ఆపే హక్కు మనకి లేదు. ల్యాబులో మన మనిషి ఒకావిడ ఉంది. వెళ్లి కలువు."

మన మనిషి ప్రాక్టికల్స్ చెప్పే డెమాన్‌స్ట్రేటర్. తెల్లకోటు తొడుక్కుని కూడా అంత అందంగా ఉండొచ్చని డేగకి అప్పటిదాకా తెలియదు. గోళ్లకి ఎర్రటి నెయిల్ పాలిష్.

"మీ కల్చర్లో కంటామినేషన్ ఉందా మేడమ్?" అన్నాడు కోడ్ ప్రకారం.

"ఈ డిపార్ట్‌మెంట్లో లేనిదెక్కడ?" అందావిడ, కోడ్ ప్రకారమే. నవ్వు మాత్రం కోడ్‌లో లేదు. డేగ ఆ నవ్వుకి పడిపోయాడు.

మూడు వారాల్లో తేలింది ఒక్కటే: ఇంటర్నల్ టెస్టులో అతనికి ఇరవైకి నాలుగు మార్కులు. పేపరు దిద్దింది మేడమే.

ఆ రోజు పొద్దున మేడమ్ అతన్ని పక్కకి లాగింది. "ఇరవై మూడో ప్లేట్లో ఉంది వైరస్. బూడిదరంగు టోపీవాడు పట్టుకెళ్తున్నాడు. బస్టాప్‌కి పరుగెత్తు!"

డేగ పరుగెత్తాడు. టోపీవాడి మోచెయ్యి విరిచి ప్లేటు లాక్కున్నాడు. చెయ్యి విరిగినా వాడి మొహంలో ఏదో తృప్తి. డేగకి అది నచ్చలేదు. గాజు మూతలోంచి చూశాడు. తిండిగా పోసిన అగార్ జెల్లీ మీద పాలచుక్కల్లా తెల్లటి మచ్చలు, హాయిగా పెరుగుతున్నాయి.

పళ్లెంలో పెరుగుతున్నాయి.

ప్రొఫెసర్ ఆఖరి మాట చెవిలో గింగురుమంది. ఇది వట్టి బ్యాక్టీరియా. నాలుగు మార్కులవాడికి ఆ మాత్రం తెలియదని మేడమ్ లెక్క. వెనక్కి తిరిగి ప్రాణం పెట్టి పరుగెత్తాడు. గేటు దగ్గర ఎంబసీ కారు ఇంజన్ ఆపకుండా ఎదురుచూస్తోంది.

ల్యాబు చివర గాజు గది. గోడలు గుండు దూరనంత మందం. గాలి లోపలికి వెళ్లడమే తప్ప బయటికి రాదు. లోపల మేడమ్ కోడిగుడ్లని తువ్వాలులో చుట్టి, వేడినీళ్ల సంచీతో సహా బుట్టలో సర్దుతోంది.

డేగ లోపలికెళ్లాడు. "గుడ్లేంటి మేడమ్?"

"క్యాంటీన్‌వి. ఇంటికి."

ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. గోరువెచ్చగా ఉంది. వెలుగుకి పట్టి చూస్తే లోపల పిల్ల కదిలింది, బతికే ఉంది. మొద్దు కొసన సూది దూర్చిన కన్నం, దాన్ని మూసిన చుక్క. ఎర్రటి నెయిల్ పాలిష్.

"ఆమ్లెట్ వేసుకుందామా?" అంటూ బల్ల అంచుకి కొట్టబోయాడు.

"వద్దు!" మేడమ్ మొహంలో నెత్తురుచుక్క లేదు. కోటు జేబులోంచి పిస్టల్ వచ్చింది.

"కాల్చండి. గుడ్డు జారిపోతుంది," అంటూ ఒక్కో అడుగే తలుపు వైపు వెనక్కి వేశాడు. "నీళ్లలో కలిపింది మీరేనా?"

"పాపం, ఆయనకి దాహమెక్కువ," అంది మేడమ్. ఆ నవ్వే నవ్వింది.

డేగకి ఒళ్లు మండిపోయింది. గుడ్డుని మెల్లగా ఆమె వైపు విసిరాడు. పిస్టల్ వదిలేసి రెండు చేతులతో పట్టుకుంది మేడమ్. ఆ రెప్పపాటులో బయటపడి, తలుపు మూసి, దానికి తాళం పడేలా గోడమీది ఎర్ర బటన్ నొక్కేశాడు.

ఆమె గుడ్డుని బుట్టలో పెట్టి, పిస్టల్ తీసి గాజుకేసి కాల్చింది. గాజుకి గీత పడింది. గుండు వెనక్కి ఎగిరి బుట్టలో దిగింది. సొన ఆమె కళ్లలోకి, నోట్లోకి చిమ్మింది.

గేటు దగ్గర ఎంబసీ కారు హారన్ కొట్టి కొట్టి, విసుగెత్తి, ఖాళీగా వెళ్లిపోయింది.

"తలుపు తియ్! నీ కాళ్లు పట్టుకుంటా, తియ్!" మేడమ్ గాజుని గోళ్లతో గీరుతోంది. డేగకి జాలేసింది. వేలు మళ్లీ బటన్ మీదికి వెళ్లింది. తర్వాత ఆ రెండు గుక్కల నీళ్లు గుర్తొచ్చాయి. జాలి పోయింది.

ఫోన్ మోగింది.

"ఏమైందిరా? వైరస్ సంగతేంటి?" అన్నాడు బాస్.

"గాజు గదిలో భద్రంగా ఉంది సార్," అన్నాడు డేగ బటన్ మీంచి వేలు తీస్తూ. "దానికి బతికున్న కణాలు దొరికాయి."