సిస్టమ్ ఫైలు వేషంలో కాలకపాలుడు

ఆషాఢ మాసం… బుధవారం… మిట్టమధ్యాహ్నం పన్నెండు కావడానికి ఇంకా పావుగంట. రాహుకాలం అడుగుపెట్టబోయే ఘోరమైన వేళ!

మైదుకూరు మీద ఆకాశం రాగి మూకుడులా కాలిపోతోంది. నల్లమల వైపు నుంచి చినుకు రాల్చని ఉరుములు మూలుగుతున్నాయి. వీధిలో నరసంచారం లేదు. ఎక్కడో ఒక కుక్క మోరెత్తి దీర్ఘంగా ఏడుస్తోంది…

మేడమీది గదిలో శ్రీవిద్య ఒంటరిగా కూర్చుంది. పెళ్ళై నలభై రోజులు. మొదటి ఆషాఢంలో అత్తా కోడలూ ఒకే కప్పు కింద ఉండరాదని ఆమెను పుట్టింటికి పంపారు. భర్త హర్షవర్ధన్ డోన్‌లో గూడ్సు గార్డు. అమ్మ, అక్క కాన్పుకని రాజంపేట వెళ్ళింది. నాన్న పొద్దున విత్తనాల అంగడికి వెళితే మళ్ళీ దీపాలు పెట్టాకే రాక. అంత ఇంట్లో గోరింటాకు పండిన తన చేతులను తనే చూసుకోవాలి.

మొదట్లో ఆ ఒంటరితనమూ ముద్దుగానే ఉండేది. అతను తాగబోయే టీ గ్లాసు ఫోటో పంపితే పదిసార్లు చూసుకునేది. ఆషాఢం ఎప్పుడు వెళుతుందో లెక్కపెట్టుకోవడానికి ల్యాప్‌టాప్‌లోకి ఒక ఉచిత పంచాంగం దించుకుంది. అది అడిగిన తన పేరూ, ఆయన పేరూ, అత్తగారి పేరూ, ముగ్గురి నక్షత్రాలూ ముచ్చటపడి నింపింది. తర్వాత వచ్చిన మీటలన్నీ చదవకుండానే నొక్కింది.

మర్నాటి నుంచే… తెర మీద అతను!

చేత కపాలం, నుదుట రుధిరవర్ణ తిలకం, నిప్పుకణికల్లాంటి కళ్ళు… కాలకపాలుడు! ఏ పేజీ తెరిచినా అతనే. ఒకటి మూస్తే రెండై పుట్టేవాడు.

"శ్రీవిద్యా… స్వాతి నక్షత్రజాతకురాలా… నీ భర్త హర్షవర్ధనుణ్ణి అతని తల్లి రాజ్యలక్ష్మి చేతబడితో బంధించింది. తొమ్మిది రోజులు ఆ ఇద్దరితో మాట కలపకు. కలిపావో, అతడు రక్తం కక్కుకుంటాడు!"

నక్షత్రంతో సహా చెప్పాడే! ఈ ఎడబాటు అత్తగారు పెట్టిందే కదా అన్న అనుమానం విషంలా ఎక్కింది. ఎనిమిది రోజులుగా ఫోను ఎత్తలేదు. మోగినప్పుడల్లా దిండు కింద దాచి, ఆ దిండు మీదే ఏడ్చింది.

నేడు తొమ్మిదో రోజు. అతను ఆజ్ఞాపించినట్టు, పన్నెండు కొట్టగానే పెళ్ళిఫోటో ఎక్కించి, ఎర్రగా జ్వలిస్తున్న 'అనుమతించు' మీట నొక్కాలి. నొక్కితే ఆ యంత్రంలోని ప్రతి తలుపూ అతనిదే… ఆమె కాపురంలోని ప్రతి రహస్యమూ అతనిదే! వేలు ముందుకు సాగింది…

"శ్రీవిద్యా, కిందికి రామ్మా."

వీధిలో, గడపకు నాలుగడుగుల దూరంలో, గొడుగు పట్టుకుని రాజ్యలక్ష్మమ్మ నిలబడి ఉంది. కర్నూలులో పాతికేళ్ళు ఆడపిల్లలకు కంప్యూటరు చదువు చెప్పిన అత్తగారు.

"ఫోను ఎత్తవు. ఆడ నా కొడుకు అన్నం ముట్టడంల్యా. ఏం చేస్తాండావు లోపల?"

శ్రీవిద్య పెదవి విప్పలేదు. ల్యాప్‌టాప్ తెచ్చి, కన్నీళ్ళతో తెర అటు తిప్పింది. రాజ్యలక్ష్మమ్మ ఆసాంతం చదివింది.

"నాకు బంధించే విద్యే వస్తే ముందు మీ మామ గురకను బంధించేదాన్ని పాపా. నేను లోపలికి రాను, ఆచారం ఆచారమే. నువ్వే బయటికి రా. ఎండ శానా ఉండాది, గొడుగు కిందికి రా."

"గొడుగూ కప్పే కదత్తా…"

నోరు జారింది! రెండు చేతులతో మూసుకుంది. అత్తగారు నవ్వింది.

"మాట్లాడినావు కదా. వానికేమీ కాదులే. బస్సు దిగినాక నాతో బాగానే మాట్లాడినాడు. ఉండు, ఈ గొడుగూ మూసేస్తా."

ఇద్దరూ మండుటెండలో మెట్టు మీద కూర్చున్నారు. పన్నెండైంది. తెర రక్తకాసారమైంది!

"తాకకు! నేను సిస్టమ్ ఫైలును… ఈ యంత్రానికి ప్రాణాన్ని! నన్ను తీస్తే ఇది చస్తుంది!"

"ముందు నెట్టు తీసెయ్. ఇప్పుడు టాస్క్ మేనేజర్ తెరువు. ఏమేం నడుస్తాండాయో చూడు."

"విండోస్ సొంత ఫైలు పేరుతోనే పది పన్నెండు ఉండాయత్తా. ఏది తీసేది?"

"పేరు ఎవడైనా పెట్టుకుంటాడు. యాడ కాపురముండాదో చూడు. ఒక్కొక్కదాని మీద కుడి మీట నొక్కి, ఫైలు ఉన్న చోటు తెరువు."

ఒక్కొక్కటీ తెరిచింది. అన్నీ సిస్టమ్32 ఫోల్డరులో బుద్ధిగా ఉన్నాయి. చిట్టచివరిది మాత్రం… తాత్కాలిక ఫైళ్ళ చెత్తలో, పంచాంగం పక్కన పొంచి ఉంది!

"సంతకం?"

"తయారుచేసినోళ్ళ సంతకమే లేదత్తా."

"దొరికినాడు. ఆపెయ్."

ఆపింది. కపాలం ఆరిపోయింది… మరుక్షణం వికటాట్టహాసంతో మళ్ళీ లేచింది! శ్రీవిద్య అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వాణ్ణి లేపుతాండేది నీ పంచాంగమే. సేఫ్ మోడ్‌లో మొదలుపెట్టు. అప్పుడు విండోస్‌కు కావాల్సినవి తప్ప ఇంకేవీ లేవవు."

యంత్రం చీకటై, తిరిగి వెలిగింది. శ్రీవిద్య పంచాంగాన్ని పెకలించింది. యంత్రంతోపాటు మొదలయ్యేవాటి జాబితాలో దాని వేరు కోసింది. బ్రౌజరులో దానికిచ్చిన అనుమతులన్నీ తుడిచింది. ఆఖరున ఆ మాయఫైలును శాశ్వతంగా తొలగించింది.

సేఫ్ మోడ్‌లో పలకకూడని స్పీకర్లలోంచి… దిక్కులదిరే ఆర్తనాదం! ఉరుమొకటి దాని మీద పిడుగై పడినట్టు… సగంలో తెగింది. యంత్రం మాత్రం చావలేదు. నిశ్శబ్దంగా, చల్లగా పనిచేస్తోంది.

"యాంటీవైరస్‌తో అంతా ఒకసారి వెతికించు. తెల్లారినాక ఇంకోసారి."

రాజ్యలక్ష్మమ్మ నిలబడే మంచినీళ్ళు తాగి, కోడలి తల నిమిరి, కర్నూలు బస్సుకు వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా చూసి శ్రీవిద్య లోపలికొచ్చింది. మళ్ళీ అదే ఖాళీ ఇల్లు. గోడ గడియారం తప్ప పలికేది లేదు. ఫోను తీసి భర్తకు కలిపింది.

అవతల రైలు డబ్బాల చప్పుడు. దాని మధ్య అతని గొంతు వినిపించింది.

"ఎవరండీ మీరు? ఎనిమిది రోజుల కిందట నాకొక పెళ్ళాం ఉండె."

శ్రీవిద్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఇంకా ఉండాది. ముందు అన్నం తిను. నువ్వు తినిందాకా ఫోను పెట్టను."